పన్నెండో రోజు ఎవరు వస్తారు?

శ్రీశైలం ఆనకట్ట పనులకోసం వెలసిన ఊరు సున్నిపెంట. గుడికి వచ్చే యాత్రికులు బస్సు కిటికీలోంచి చూసి దాటిపోయే ఆ ఊళ్ళో, భర్తలు చనిపోయిన స్త్రీల సమావేశం ఒకదానిలో మేము పాల్గొన్నాం. నల్లమల అంచు గూడేలనుంచి, ఆత్మకూరు, నందికొట్కూరు వైపునుంచి వచ్చారు. పింఛను రానివాళ్ళు, భూమి ఇంకా మామగారి పేరనే ఉండిపోయినవాళ్ళు, భర్త చేసిన అప్పుకు ఈనాటికీ వడ్డీ కడుతున్నవాళ్ళు. ఎవరి దగ్గరా వదిలి రాలేక చాలామంది పిల్లల్ని వెంటబెట్టుకొచ్చారు. పెద్దవాళ్ళ మాటలకు అడ్డం రాకుండా పిల్లలను వరండాలో కూర్చోబెట్టి, బిస్కెట్ పొట్లాలు చేతికిచ్చి, లోపల మేము దరఖాస్తులు రాయడంలో పడ్డాం.

మధ్యాహ్నం మంచినీళ్ళకోసం బయటికి వచ్చిన మా కార్యకర్త చెవిన పడిన మాటలివి.

"మా నాయన ఊరికి పోయినాడని చెప్పినారు. ఊరికి పోలేదు. నాకు తెలుసు" అంటున్నాడు ఏడెనిమిదేళ్ళ పిల్లవాడు.

వాడికంటే రెండేళ్ళు పెద్దదైన పిల్ల అంది: "మాకూ అట్లే చెప్పినారు. రాత్రిపూట గొళ్ళెం చప్పుడైతే వచ్చినాడేమో అని లేచి కూర్చుంటా."

పిల్లవాడు తింటున్న బిస్కెట్ ఆపి ఆ పిల్ల మొహంలోకి చూశాడు. "నీకూ అట్లే అయితాదా?"

లోపల మేము ఆ రోజు ఎన్నో కాగితాలు నింపాం. వాటిలో కొన్నింటికి ఫలితం వచ్చింది. ఆ కాగితాల విలువ మాకు తెలుసు. అయితే ఆ పిల్లవాడికి తండ్రి పోయిన తర్వాత మొట్టమొదటిసారిగా ఊరట దొరికింది మాత్రం లోపల కాదు, వరండాలో. ఇచ్చింది మేమూ కాదు, తనలాగే తండ్రిని పోగొట్టుకున్న ఇంకొక పిల్ల. ఆ సంగతి మాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. ఈ సంచికలో మన సంఘాల ముందు పెట్టదలచుకున్న ప్రశ్న అదే. చావు జరిగిన ఇంట్లో పిల్లల హక్కుల గురించి మనం ఇంతకాలం మాట్లాడాం. వాళ్ళ దుఃఖం గురించి ఎప్పుడైనా మాట్లాడామా?

నిజం చెప్పుకోవాలంటే, మాట్లాడలేదు సరికదా, దాన్ని వాడుకున్నాం కూడా. కొన్నేళ్ళ కిందట నష్టపరిహారంకోసం చేసిన ఒక ధర్నాలో, ఆత్మహత్య చేసుకున్న రైతు కూతురి చేతికి తండ్రి ఫొటో ఇచ్చి ముందు వరసలో నిలబెట్టాం. ఆ పిల్ల ఏడ్చింది. కెమెరాలు వచ్చాయి. తర్వాత పరిహారం కూడా వచ్చింది. రెండు నెలలకు ఆ తల్లి కలిసినప్పుడు చెప్పింది, పేపర్లో ఫొటో పడినప్పటినుంచి పిల్ల బడికి పోనంటోందని, తోటిపిల్లలు "పురుగుల మందు తాగినోని కూతురు" అని పిలుస్తున్నారని. ఆ పిల్ల కన్నీళ్ళు మనకు సాక్ష్యంగా పనికివచ్చాయి. ఆ కన్నీళ్ళు తుడవడానికి మన దగ్గర ఏ కార్యక్రమమూ లేదు. ఆ తప్పు ఒప్పుకోకుండా ఈ విషయంమీద రాసే అర్హత మాకు లేదు.

మన పల్లెల్లో చావుకు మనుషులు కరువు లేదు. ఆ ఇంట పొయ్యి వెలగదని ఇరుగుపొరుగు కూడు తెస్తారు. ఆడవాళ్ళు వచ్చి చనిపోయిన మనిషి గుణగణాలు చెప్పి, తమ ఇళ్ళలో పోయినవాళ్ళను కూడా తలచుకుని ఏడుస్తారు. మూడోనాడు పాలు పోస్తారు. పెద్దదినం దాకా ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఉంటూనే ఉంటారు. ఇదంతా శాస్త్రులు చెప్పిన తంతు మాత్రమే కాదు. ఒంటరిగా మోయలేని బరువును పదిమంది మోయడానికి ఊరు కనిపెట్టిన పద్ధతి. కానీ పదకొండో రోజు భోజనాలతో ఊరి దుఃఖం తీరిపోతుంది. చుట్టాలు చాపలు చుట్టి వెళ్ళిపోతారు. పిల్లలకు చావు నిజంగా తెలిసివచ్చేది పన్నెండో రోజున. అందరూ వెళ్ళిపోయినా నాయన ఇంకా రాలేదని. ఆ రోజు ఆ ఇంటికి వచ్చేవాళ్ళు లేరు.

పైగా ఆ పదకొండు రోజుల్లో కూడా పిల్లలకు చోటు లేదు. శవం ఇంటికి రాగానే వాళ్ళను పక్కింటికి పంపేస్తాం. "ఊరికి పోయినాడు", "నిద్రపోతున్నాడు", "దేవుడు పిలుచుకున్నాడు" అంటాం. మనసులో ప్రేమతోనే అంటాం. అయిదేళ్ళలోపు పిల్లలకు చావంటే తిరిగిరాకపోవడమని పట్టుబడదు. నిద్రపోయినవాడు లేవలేదంటే వాళ్ళు నిద్రకే భయపడతారు. ఊరికి పోయినవాడు రాలేదంటే తనమీద అలిగాడనుకుంటారు. ఏడెనిమిదేళ్ళ పిల్లలు తప్పు తమదేనేమోనని లోపల్లోపల కుమిలిపోతారు. "ఆ రోజు నేను పలక కొనివ్వమని ఏడ్చినా, అందుకే నాయన చచ్చిపోయినాడు" అనే మాట పైకి రావడానికి నెలలు పడుతుంది. కొందరిలో ఎప్పటికీ పైకి రాదు. కడుపునొప్పిగా, పక్క తడపడంగా, బడిలో కొట్లాటగా బయటపడుతుంది. పిల్లలు పెద్దవాళ్ళలా ఏకధాటిగా ఏడవరు. కాసేపు ఏడ్చి గోలీలాటకు పరుగెత్తుతారు. అది చూసి "పసివాళ్ళు, మరిచిపోయినారు" అని మనం నిశ్చింతగా ఉంటాం. వాళ్ళు మరిచిపోరు. మోయగలిగినంత కాసేపు మోసి దించుకుంటారు. రేపు మళ్ళీ ఎత్తుకుంటారు.

ఇక ఆ దుఃఖంమీద మనం మోపే బరువులు వేరే ఉన్నాయి. ఎనిమిదేళ్ళవాడి చేతికి నిప్పుకుండ ఇచ్చి, "ఇంకనుంచి ఇంటికి మగదిక్కు నువ్వేరా" అంటారు. పెద్దవాళ్ళకు అది ఓదార్పు మాట. వాడికి అది శిక్ష. మగదిక్కు ఏడవకూడదు కాబట్టి వాడు ఏడుపు మింగుతాడు. రెండేళ్ళు తిరిగేసరికి గుంటూరు మిరపకోతలకు పోయే లారీలో ఉంటాడు. వాడి అక్కను శ్మశానానికి రానివ్వరు. తండ్రిని చివరిసారి చూడాలని ఆ పిల్లకూ ఉంటుందని ఎవరికీ తోచదు. తల్లి కూలికి పోతే వంట, చంటిపిల్ల, నీళ్ళు ఆ పిల్లమీద పడతాయి. బడి ఆగిపోతుంది. "తండ్రి లేని పిల్ల, ఎవరి చేతిలోనైనా పెడితే బాధ్యత తీరుతుంది" అని పెద్దమనుషులు కూర్చుంటారు. బాల్యవివాహాలమీద మనం ఎన్ని సభలు పెట్టాం! చదువు మానేసిన పిల్లల లెక్కలు ఎన్నిసార్లు తీశాం! ఆ లెక్కల వెనక ఇంట్లో జరిగిన చావు ఎంత ఉందో చూడలేదు. తండ్రి పోయిన పిల్ల దుఃఖాన్ని పట్టించుకోవడం మెత్తని మనసుల వ్యవహారం కాదు. ఆ పిల్ల బడి, పెళ్ళి వయసు, బతుకు దానిమీద ఆధారపడి ఉన్నాయి.

తల్లి మాటేమిటి? పదో రోజున బొట్టు తుడిచి, గాజులు పగలగొట్టి, ఆమెను ఒక మూల కూర్చోబెడతారు. ఈ తంతుకు వ్యతిరేకంగా మహిళా సంఘాలు దశాబ్దాలుగా పోరాడుతున్నాయి. స్త్రీకి జరిగే అవమానంగా దాన్ని చూశాం, అది నిజం. తలుపుసందునుంచి చూస్తున్న పిల్లలను మాత్రం చూడలేదు. తండ్రి పోయిన పది రోజులకు వాళ్ళకు తెలిసిన తల్లి మొహం కూడా పోతుంది. తర్వాత తల్లి పిల్లల ముందు ఏడవదు, వాళ్ళు బెంగపడతారని. పిల్లలు తల్లి ముందు ఏడవరు, ఆమె బెంగపడుతుందని. ఒకే గదిలో, ఒకే దుప్పటి కింద, ముగ్గురు మనుషులు ఒకరికి తెలియకుండా ఒకరు ఏడుస్తారు.

మన ప్రాంతంలో చావులు కూడా సాదా చావులు కావు. రైతు ఆత్మహత్య జరిగిన ఇంటికి మొదట వచ్చేది పోలీసు. తర్వాత తహసిల్దారు, వ్యవసాయాధికారి. 2004 జూన్‌లో నాటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం జి.ఓ. 421 ద్వారా ఇలాంటి కుటుంబాలకు లక్షన్నర రూపాయల సహాయం ప్రకటించింది. అది 2015లో 5 లక్షలు, 2019లో 7 లక్షలు అయింది. ఈ పెంపుదలల వెనక ఉద్యమాలున్నాయి. కానీ ఆ డబ్బుకోసం చావు 'అసలైన' రైతు ఆత్మహత్యేనని రుజువు కావాలి. పాస్‌బుక్కు కావాలి. అప్పు పత్రాలు కావాలి. కౌలురైతు అయితే మొదటి మెట్టుమీదే ఆగిపోవాలి. "తాగేవాడా? పెళ్ళాంతో తగాదా పడేవాడా?" అని గడపలో అడుగుతుంటే ఆ పిల్లలు గోడకానుకుని వింటారు. నాయన ఎందుకు చనిపోయాడన్న ప్రశ్నకు వాళ్ళకు దొరికే మొదటి జవాబు ఆ విచారణలోనే. అది కూడా అవమానంలో ముంచి ఇస్తారు. చాలాసార్లు మందు డబ్బా పక్కన తండ్రిని మొదట చూసినది కూడా వాళ్ళే. ఆ సంగతి ఏ పంచనామాలోనూ ఉండదు.

ప్రమాదాలు, వరదలు తీసుకుపోయినవాళ్ళ ఇళ్ళలో ఇంకొక రకం బాధ. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్కేంద్రంలో మంటలు రేగి తొమ్మిదిమంది లోపలే చనిపోయారు. డ్యూటీకని ఇంట్లో చెప్పి పోయినవాళ్ళు. 2021 నవంబరు 19న, కార్తీక పౌర్ణమినాటి తెల్లవారుజామున, అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు నది రాజంపేట ప్రాంతంలోని పులపత్తూరు, మందపల్లి ఊళ్ళమీద పడింది. కొట్టుకుపోయినవాళ్ళకోసం ఆ ఇళ్ళవాళ్ళు రోజుల తరబడి ఇసుకలో వెతుక్కున్నారు. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద బస్సు కాలిపోయి 19 మంది ప్రయాణికులు చనిపోతే, డి.ఎన్.ఏ. పరీక్ష చేసేదాకా ఏ దేహం ఎవరిదో చెప్పలేకపోయారు. కడసారి మొహం చూడని చావును పెద్దవాళ్ళే నమ్మలేరు. పిల్లలు ఎలా నమ్ముతారు? అసలు శ్రీశైలం నీటి చుట్టూ ఉన్న జనానికి ఇది కొత్త కాదు. 1981లో జలాశయంకోసం సుమారు వంద ఊళ్ళనుంచి లక్షకు పైగా జనాన్ని లేపేసినప్పుడు, ఇళ్ళతోపాటు తమవాళ్ళను పూడ్చిన శ్మశానాలు కూడా నీటికిందికి పోయాయి. ఏడవడానికొక చోటు ఉండటం కూడా మనిషికి అవసరమేనని ఆ ఊళ్ళ అవ్వలను అడిగితే చెబుతారు.

కోవిడ్ కాలంలో, 2021 మే నెలలో, తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న పిల్లల పేర 10 లక్షల రూపాయలు డిపాజిట్ చేస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. 25 ఏళ్ళు నిండాక ఆ డబ్బు చేతికి వస్తుంది. మంచిదే. అయితే ఒకరినే పోగొట్టుకున్న పిల్లలు ఆ లెక్కలోకి రాలేదు. లెక్కలోకి వచ్చిన పిల్లలకు కూడా ఆస్పత్రినుంచి తిరిగిరాని తల్లిని, ఎవరో దూరంనుంచి దహనం చేసిన తండ్రిని గురించి అడగడానికి ఒక మనిషిని చూపించలేదు. పాతికేళ్ళ వయసుకు డబ్బు భద్రంగా ఉంది. అందాకా వచ్చే రాత్రులకు ఏ భద్రతా లేదు.

పిల్లల దుఃఖానికి మనం చోటివ్వకపోతే అది ఎక్కడో ఒకచోట చేరుతుంది. ఎక్కడ చేరిందో రాయలసీమకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కర్నూలు, కడప ఫ్యాక్షన్ గ్రామాల్లో తండ్రి హత్యకు గురైన పిల్లవాడి దగ్గరకు వచ్చి కూర్చున్నవాళ్ళున్నారు. వాడి భుజంమీద చెయ్యి వేసినవాళ్ళున్నారు. వాడి తండ్రి పేరు మరిచిపోనివ్వనివాళ్ళున్నారు. వాళ్ళందరూ వాడికి చెప్పిన మాట ఒక్కటే, పెద్దయ్యాక ఏం చేయాలో. ఊరు దుఃఖానికి చోటివ్వలేదు కాబట్టి పగ ఇచ్చింది. ఆ పిల్లవాడికి కావలసింది తోడు. దొరికింది ముఠా. అవతలి ముఠాలో తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడు కూడా రాత్రి గొళ్ళెం చప్పుడుకు లేచి కూర్చుంటాడని వాడికి చెప్పినవాళ్ళు లేరు.

మరి ఏం చేయాలి? పట్నాలనుంచి మానసిక వైద్యులను తెచ్చి ఊరికొకరిని పెట్టడం అయ్యే పని కాదు. దుఃఖం జబ్బు కూడా కాదు. మందు కావలసినది కొద్దిమంది పిల్లలకే. మిగతా పిల్లలకు కావలసింది ఆ వరండా. తనలాంటి పిల్లలు, అడ్డుపడని పెద్దవాళ్ళు, మాట్లాడటానికైనా మాట్లాడకుండా ఉండటానికైనా కాస్త సమయం.

ఈ పద్ధతి లోకంలో కొత్తది కాదు. అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో 1982లో మొదలైన డగీ సెంటర్ ఇదే పని చేస్తోంది. మెదడులో కణితితో చనిపోయిన ఒక పిల్లవాడి పేరు దానికి పెట్టారు. అక్కడ ఒక గదిలో పిల్లలు ఆటల మధ్య తమ మాటలు చెప్పుకుంటుంటే, అదే వేళకు పక్కగదిలో వాళ్ళ తల్లిదండ్రులు, తాత అవ్వలు తమ మాటలు చెప్పుకుంటారు. జపాన్‌లో 1995 జనవరి 17న కోబె నగరాన్ని భూకంపం కూల్చినప్పుడు, తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లలకు చదువు సాయం చేసే అషినాగా సంస్థవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి, అలా అనాథలైన 573 మంది పిల్లలను గుర్తించారు. తిరిగినవాళ్ళలో చాలామంది ఒకప్పుడు తామే తల్లినో తండ్రినో పోగొట్టుకుని ఆ సంస్థ సాయంతో చదువుకుంటున్న విద్యార్థులు. ఆ పిల్లల్లో ఒకడు నల్లరంగు కలిసిన ఇంద్రధనుస్సు గీశాడు. ఆ బొమ్మ చూసినవాళ్ళు ఇల్లిల్లూ తిరిగితే చాలదని, ఈ పిల్లలు కలుసుకోవడానికి ఒక ఇల్లే కావాలని పట్టుబట్టి 1999లో కోబెలో 'ఇంద్రధనుస్సు ఇల్లు' కట్టారు.

మనకు ఇంకా దగ్గరగా ఉన్న ఉదాహరణ రువాండా. 1994 మారణకాండ తర్వాత భర్తలు పోయిన స్త్రీలు 1995లో అవెగా అనే సంఘం పెట్టుకున్నారు. ఆ మరుసటి ఏడాది, కుటుంబాలకు కుటుంబాలే తుడిచిపెట్టుకుపోయిన విద్యార్థులు విశ్వవిద్యాలయంలో తమ సంఘం పెట్టుకున్నారు. కొద్దిమంది కలిసి ఒక 'కుటుంబం' అవుతారు. వాళ్ళలోనే ఒకరిని అమ్మగా, ఒకరిని నాన్నగా ఎన్నుకుంటారు. జ్వరం వస్తే చూసేది, పరీక్ష పాసైతే సంతోషించేది ఆ కుటుంబమే. డబ్బున్న దేశం కాదది. వాళ్ళ దగ్గరున్నదల్లా ఒకరి బాధ ఒకరికి తెలియడమే.

మన దగ్గర కూడా అది ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్నచోట ఒకరి ఇంటి సంగతి ఒకరికి చెప్పుకోవడంతో కదా సారా వ్యతిరేక ఉద్యమం లేచింది! ఎవరికి వాళ్ళు తమ కర్మ అనుకున్నది, పదిమంది నోట విన్నాక కర్మ కాదని తేలింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. పొదుపు సంఘాలు, గ్రామైక్య సంఘాలు, ఒంటరి మహిళల సంఘాలు ఇవాళ ప్రతి మండలంలోనూ ఉన్నాయి. తల్లులు నెలనెలా కలుస్తూనే ఉన్నారు. వాళ్ళ కొంగు పట్టుకుని పిల్లలు వస్తూనే ఉన్నారు. మనం చేయవలసిందల్లా వాళ్ళను బిస్కెట్ పొట్లాలిచ్చి బయట కూర్చోబెట్టడం మానేసి, ఆ వరండాను కూడా సమావేశంలో భాగం చేయడం.

ఎలాగన్నది కొంత అనుభవంమీద చెప్పగలం. ఎనిమిది, పదిమందికి మించని పిల్లలు. చిన్నవాళ్ళు వేరు, పన్నెండేళ్ళు దాటినవాళ్ళు వేరు. పదిహేను రోజులకొకసారి, అదే రోజు, అదే చోటు. బడి గది గానీ, అంగన్‌వాడీ గానీ, చెట్టుకింద గానీ. పిల్లలకు కావలసింది ఆ రోజు తప్పకుండా ఉంటుందన్న నమ్మకం. ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి. వాళ్ళలో ఒకరు చిన్నతనంలో తల్లినో తండ్రినో పోగొట్టుకున్నవారైతే మరీ మంచిది. బంకమట్టి, రంగుపెన్సిళ్ళు, ఆటలు. చనిపోయినవాళ్ళ వస్తువు ఏదైనా, ఒక తువ్వాలో గడియారమో, తెచ్చి చూపించాలనుకుంటే చూపించవచ్చు. మాట్లాడాలన్న నియమం లేదు. ఊరకే కూర్చున్నా సంఘంలో సభ్యులే. అబద్ధం చెప్పకూడదన్నది పెద్దవాళ్ళు పాటించవలసిన మొదటి నియమం. "చనిపోయినాడు" అన్న మాటను ఆ మాటతోనే చెప్పాలి. అదే వేళకు తల్లులు, అవ్వలు పక్కన విడిగా కూర్చోవాలి. ఏడాది గడిచిన తల్లి, నెల గడిచిన తల్లి పక్కన కూర్చుంటే చాలు. మనం రాసి తీసుకెళ్ళిన ఉపన్యాసం అక్కర్లేదు.

చెంచు గూడేల పిల్లల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో ఉంటారు. ఇంట్లో చావు కబురు హాస్టలుకు వస్తుంది. పిల్ల గూడేనికి పోయి నాలుగు రోజులకు తిరిగివస్తుంది, అంతే. అలాంటి పిల్లలు ఒక హాస్టల్లో ఎంతమంది ఉన్నారో వార్డెనుకు తెలుసు. ఆ పిల్లలకు మాత్రం ఒకరి సంగతి ఒకరికి తెలియదు. మొదలుపెట్టడానికి హాస్టలుకంటే అనువైన చోటు లేదు.

జాగ్రత్తలూ ఉన్నాయి. అక్కడ విన్నది అక్కడే ఉండాలి. రిపోర్టులోకి, ఫొటోలోకి, నిధులిచ్చేవాళ్ళ బ్రోషరులోకి పోకూడదు. పరిహారం కేసుకు ఆ మాటలు ఎంత పనికివచ్చినా సరే, వాడకూడదు. చచ్చిపోవాలనుందని ఏ పిల్ల అయినా అంటే, ఏ పిల్లమీదనైనా అఘాయిత్యం జరుగుతోందని తెలిస్తే, అది మాత్రం గుట్టుగా దాచే విషయం కాదు. వెంటనే కదలాలి. పిల్లల సహాయానికి 1098, మానసిక ఆరోగ్యానికి టెలీమానస్ 14416 ఉన్నాయి. ఆ రెండు నంబర్లు ప్రతి కార్యకర్తకూ నోటికి రావాలి. నెలలు గడిచినా తిండి తినని, నిద్రపోని, ఎవరితోనూ కలవని పిల్లను డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి. తోటివాళ్ళ తోడు వైద్యానికి బదులు కాదు.

"తినడానికే గతిలేని ఇంట్లో ఈ ముచ్చట్లేమిటి? ముందు పింఛను, భూమి సంగతి చూడండి" అనే మిత్రులున్నారు. వాళ్ళ మాటలో న్యాయం ఉంది. పింఛను, భూమి, అప్పు మాఫీ లేకుండా దుఃఖంలో తోడుగా ఉంటామనడం మోసమే అవుతుంది. కానీ ఇవి రెండూ ఒకదానికొకటి పోటీ కాదు. మనసు విరిగిన తల్లి తహసిల్దారు ఆఫీసుకు పదోసారి పోలేదు. పోవడానికి పక్కన ఇంకొక తల్లి ఉంటే పోతుంది. బడి మానేసిన పిల్లకు స్కాలర్‌షిప్ ఎందుకు పనికివస్తుంది? దుఃఖాన్ని పంచుకున్న సంఘమే హక్కులకోసం నిలబడుతుందని దూబగుంట చెప్పలేదా?

అందుకని ప్రభుత్వాన్ని అడగవలసినవి అడుగుదాం. బాలల హక్కుల ఒడంబడికమీద మన దేశం 1992 డిసెంబరులో అంగీకారం తెలిపింది. తనకు సంబంధించిన విషయంలో పిల్లల మాట వినాలని అందులోని 12వ అధికరణం చెబుతోంది. తండ్రి చావుకంటే పిల్లకు సంబంధించిన విషయం ఇంకేముంటుంది? మిషన్ వాత్సల్య కింద భర్త పోయిన స్త్రీల పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. ఆదాయ పరిమితిలో ఉన్న ప్రతి కుటుంబానికీ, అడగకుండానే, చావు నమోదైన నెలలోనే ఆ దరఖాస్తు అందాలి. ఆత్మహత్య విచారణ పిల్లల ముందు జరపకూడదని స్పష్టమైన ఆదేశం రావాలి. విచారణ బృందంలో ఒక స్త్రీ ఉండాలి. ప్రమాదం, వరద జరిగినప్పుడు సహాయ శిబిరంలో పిల్లలకు విడిగా చోటు, మనిషి ఉండాలి. ఉపాధ్యాయులకు, హాస్టలు వార్డెన్లకు, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలకు రెండు రోజుల శిక్షణలోనైనా, తండ్రి పోయిన పిల్ల తిరిగి బడికి వచ్చిన రోజు ఏం మాట్లాడాలో నేర్పాలి.

ప్రభుత్వంతో పని లేకుండా మనమే చేయగలది ఒకటుంది. శివరాత్రికి వెంకటాపురంనుంచి నల్లమల అడవిదారిన శ్రీశైలం నడిచిపోయేవాళ్ళను చూడండి. నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను, కైలాసద్వారం. కొత్తగా వచ్చినవాళ్ళను ముందొకసారి నడిచినవాళ్ళ జతలో పంపుతారు. నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో, ఏ మెట్టుదగ్గర కాళ్ళు లాగుతాయో, ఎక్కడ కూర్చోవచ్చో వాళ్ళకు తెలుసు. వాళ్ళు ఎవరినీ ఎత్తుకుని మోయరు. పక్కన నడుస్తారు, అంతే.

మీ సంఘం రిజిస్టరు ఒకసారి తిరగేయండి. గత రెండేళ్ళలో చావు జరిగిన ఇళ్ళు ఎన్ని ఉన్నాయో, వాటిలో పిల్లలు ఎందరో, వాళ్ళ వయసులేమిటో రాసుకోండి. ఆ పేజీ ఇంతవరకు మన రిజిస్టర్లలో లేదు. తర్వాత ఆ ఇళ్ళలో ఒకదానికి వెళ్ళండి. దరఖాస్తు ఫారం తీసుకువెళ్ళకండి. తండ్రిని పోగొట్టుకున్న ఇంకొక పిల్లను వెంటబెట్టుకుని వెళ్ళండి. వాళ్ళిద్దరినీ అరుగుమీద కూర్చోనిచ్చి, మీరు కాస్త దూరంగా ఉండండి.